లాసాకు నేలదారి: పర్మిట్ అక్కర్లేని టిబెట్‌ను ముందు చూడండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ముగ్గురు మిత్రులు, చేతిలో ఒక నెల సెలవు. హైదరాబాదు నుంచి బయలుదేరి చెంగ్డూలో దిగి, 318వ నంబరు జాతీయ రహదారి వెంట బస్సులు మారుతూ, బస్సు లేనిచోట లిఫ్ట్ అడుగుతూ, ఏజెన్సీ గాని గైడు గాని లేకుండా లాసా చేరుకోవాలనుకుంటున్నారు. అలా వెళ్లినవారి వీడియోలు చూశారు. అది సాధ్యమేనా, ఎత్తు వల్ల ఇబ్బంది ఉంటుందా, మీలో ఇద్దరు శాకాహారులు కాబట్టి తిండి దొరుకుతుందా అన్నవి మీ ప్రశ్నలు. మొదటిదానికి సమాధానం సూటిగా చెబుతాను: లాసా దాకా అలా వెళ్లడం కుదరదు. అయితే మీరు కోరుకుంటున్న ప్రయాణంలో అధిక భాగాన్ని, నా దృష్టిలో మేలైన భాగాన్ని, చైనా వీసా తప్ప మరే అనుమతీ లేకుండా మీ ఇష్టప్రకారం చేయవచ్చు. లాసాను చివర్లో నాలుగైదు రోజుల గైడు యాత్రగా పెట్టుకుని, మిగిలిన రోజులన్నీ దాని బయట ఉన్న టిబెటన్ సీమల్లో గడపమన్నదే నా సలహా. అది ఎందుకో, ఎలాగో కింద వివరిస్తాను.

టిబెట్ అనగానే మనకు లాసా, పోతల ప్రాసాదం, కైలాస పర్వతం గుర్తుకు వస్తాయి. ఇవి ఉన్నది 1965లో ఏర్పడిన టిబెట్ స్వయంప్రతిపత్తి ప్రాంతంలో. కానీ టిబెటన్లు తరతరాలుగా నివసిస్తున్న పీఠభూమి దానితో ముగిసిపోదు. దానికి తూర్పున ఉన్న ఖామ్, ఈశాన్యాన ఉన్న ఆమ్దో అనే చారిత్రక సీమల్లో చాలా భాగం నేడు సిచువాన్, యున్నాన్, చింఘై, గాన్సూ ప్రావిన్సుల కింద ఉంది. ప్రత్యేకంగా మూసివేసిన కొన్ని పట్టణాలను మినహాయిస్తే, ఈ నాలుగు ప్రావిన్సుల్లోని టిబెటన్ ప్రాంతాల్లో విదేశీయుడు మామూలు వీసాతో బస్సెక్కి ఎక్కడికైనా వెళ్లవచ్చు, నచ్చినచోట రెండు రోజులు ఎక్కువ ఉండవచ్చు. మఠాలు, యాక్ మందలు, ప్రార్థనా పతాకలు కట్టిన కనుమలు, గుర్రాల మీద పట్టణానికి వచ్చే పశుపాలకులు అన్నీ ఇక్కడా ఉన్నాయి. వీపున సంచి వేసుకుని తిరగడంలో ఉన్న స్వేచ్ఛే మీకు ముఖ్యమైతే, అది దొరికేది ఇక్కడే.

స్వయంప్రతిపత్తి ప్రాంతంలో పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడికి వెళ్లే ప్రతి విదేశీ పర్యాటకుడికీ టిబెట్ ట్రావెల్ పర్మిట్ ఉండాలి. దాన్ని లాసాలోని పర్యాటక శాఖ జారీ చేస్తుంది, మనం నేరుగా దరఖాస్తు పెట్టుకునే వీలు లేదు. నమోదైన ట్రావెల్ ఏజెన్సీ మీ పాస్‌పోర్టు, చైనా వీసా నకళ్లతో, రోజువారీ కార్యక్రమంతో, గైడు వివరాలతో దరఖాస్తు చేస్తేనే అది వస్తుంది. లాసా నగరం దాటి షిగాత్సే, ఎవరెస్ట్ ఉత్తర బేస్ క్యాంప్ వంటి చోట్లకు వెళ్లాలంటే పోలీసు శాఖ ఇచ్చే మరో అనుమతి, దానితో పాటు ఏజెన్సీ వాహనం, డ్రైవరు తప్పనిసరి. సరిహద్దుకు దగ్గరగా ఉండే పశ్చిమాన న్గారి, ఆగ్నేయాన నింగ్‌చీ జిల్లాలకు సైనిక అనుమతి కూడా కావాలి. 2008 మార్చిలో జరిగిన అల్లర్ల తరువాత ఈ నిబంధనల అమలు బాగా కఠినమైంది. పైగా 1959 మార్చి 10 తిరుగుబాటు వార్షిక దినం, టిబెటన్ల కొత్త సంవత్సరం దగ్గర దగ్గరగా వస్తాయి కాబట్టి, ఏటా ఫిబ్రవరి చివరి నుంచి మార్చి నెలాఖరు వరకు విదేశీయులకు ప్రవేశం ఆపేయడం ఆనవాయితీ. ఇతర సమయాల్లోనూ ముందస్తు ప్రకటన లేకుండా ఆపిన సందర్భాలున్నాయి.

మరి ఆ వీడియోల సంగతి ఏమిటి? వాటిలో సైకిళ్లు తొక్కుతూ, నడుస్తూ, లారీల వెనుక కూర్చుని లాసా చేరేవారు దాదాపు అందరూ చైనా పౌరులే. వారికి ఈ పర్మిట్ అక్కర్లేదు. 318వ నంబరు రహదారి మీద ప్రతి వేసవిలో అలాంటి యువకులు వందల సంఖ్యలో కనబడతారు, మీరు వారితో మాట కలిపితే తమతో రమ్మని ఉత్సాహంగా పిలుస్తారు కూడా. వారి పిలుపులో కల్మషం ఉండదు, విదేశీయుల నిబంధనలు వారికి తెలియవు, అంతే. బతాంగ్ పట్టణం దాటాక జిన్షా నది వస్తుంది. యాంగ్ట్సీ ఎగువ ప్రవాహానికి అక్కడ ఉన్న పేరు అది. వంతెనకు అవతలి ఒడ్డు స్వయంప్రతిపత్తి ప్రాంతం. అక్కడి తనిఖీలో పాస్‌పోర్టు అడుగుతారు, పర్మిట్ లేకపోతే వెనక్కి పంపుతారు. మీకు లిఫ్ట్ ఇచ్చిన డ్రైవరును విడిగా కూర్చోబెట్టి ప్రశ్నిస్తారు. మీకు పోయేది ఒక రోజు కావచ్చు, అతనికి పోయేది అంతకంటే ఎక్కువ. ఆ ఒక్క కారణానికే దొంగచాటు ప్రయత్నాన్ని నేను సమర్థించను. అన్ని అనుమతులూ తీసుకుని, ఏజెన్సీ వాహనంలో ఇదే దారిన లాసా వెళ్లే యాత్రలు కొన్ని కాలాల్లో నడుస్తాయి, కానీ ముగ్గురు పంచుకుంటే తలా పడే ఖర్చు మీరు అనుకుంటున్న బడ్జెట్‌కు ఎన్నో రెట్లు ఉంటుంది.

పశ్చిమం వైపు నుంచి, అంటే షిన్‌జియాంగ్‌లోని యెచెంగ్ నుంచి 219వ నంబరు రహదారిలో రావచ్చా అని చాలామంది అడుగుతుంటారు. 1957లో పూర్తయిన ఆ రహదారి భారతదేశం తనదిగా చెప్పే అక్సాయ్ చిన్ గుండా పోతుంది. భారతీయ పాస్‌పోర్టుతో స్వతంత్రంగా ఆ దారి గురించి ఆలోచించనే వద్దు. ఒకవేళ మీ అసలు ఆశయం కైలాస మానససరోవర దర్శనమైతే ఈ సమాధానమంతా పక్కన పెట్టి మన విదేశాంగ శాఖ నిర్వహించే యాత్రకు దరఖాస్తు చేసుకోండి. అయిదేళ్లు ఆగిపోయిన ఆ యాత్ర 2025 జూన్‌లో లిపులేఖ్, నాథు లా మార్గాల్లో మళ్లీ మొదలైంది.

ఇక మీ దారి. చెంగ్డూ నుంచి మొదలుపెట్టవద్దు, కున్మింగ్ నుంచి మొదలుపెట్టండి. దీనికి కారణం కేవలం ఎత్తు. చెంగ్డూ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి ఎక్స్‌ప్రెస్ రహదారి మీద కొన్ని గంటల్లో కాంగ్‌డింగ్ చేరతారు, అది సుమారు 2,500 మీటర్లు. మర్నాడు 4,298 మీటర్ల జెదో కనుమ దాటి, సాయంత్రానికి 4,000 మీటర్ల ఎత్తున్న లిటాంగ్‌లో పడుకుంటారు. అంటే రెండు పగళ్లలో శరీరాన్ని 3,500 మీటర్లు పైకి ఎక్కించి, రాత్రికి నిద్రపొమ్మంటున్నారు. లిటాంగ్ హోటళ్లలో తల పట్టుకుని, వాంతులతో, ఆక్సిజన్ డబ్బా ముక్కుకు పెట్టుకుని కనిపించే ప్రయాణికుల్లో అత్యధికులు ఈ దారిన వచ్చినవారే. కున్మింగ్ దారి మెట్లుమెట్లుగా ఎక్కుతుంది. కున్మింగ్ 1,900 మీటర్లు, డాలీ 2,000, లిజియాంగ్ 2,400, షాంగ్రి-లా 3,300. ఆ తరువాతే 4,000. ప్రతి మెట్టు దగ్గరా చూడదగినది ఉంది కాబట్టి శరీరానికి ఇచ్చిన విరామం కాలహరణంగా తోచదు.

హైదరాబాదు నుంచి కున్మింగ్‌కు ఆగ్నేయాసియా నగరాల మీదుగా విమానంలో వెళ్లవచ్చు. నేలదారి మీద మీకు మరీ మక్కువ ఉంటే, బ్యాంకాక్‌లో దిగి రైలులో లావోస్ రాజధాని వియెంటియాన్ చేరి, అక్కడి నుంచి కున్మింగ్‌కు నేరుగా రైలు పట్టుకోవచ్చు. 2021 డిసెంబరులో ప్రారంభమైన ఈ మార్గంలో 2023 ఏప్రిల్ నుంచి సరిహద్దు దాటే ప్రయాణికుల రైళ్లు నడుస్తున్నాయి. ఒక పగటి ప్రయాణం, సరిహద్దులో రెండుసార్లు సామాను తనిఖీ. కొండలు, సొరంగాలు తప్ప పెద్దగా చూడగలిగేది ఉండదు, కాబట్టి రోజులు తక్కువైతే దీన్ని వదిలేయండి.

డాలీ, లిజియాంగ్ పాత పట్టణాలు ఇప్పుడు దుకాణాల వరుసలుగా మారిపోయాయి. డాలీలో ఒకటి, లిజియాంగ్‌లో ఒకటి, అంతకు మించి రాత్రులు ఇవ్వవద్దు. మిగిలిన కాలాన్ని పులిదూకు లోయకు (టైగర్ లీపింగ్ గార్జ్) ఇవ్వండి. 5,596 మీటర్ల జేడ్ డ్రాగన్ మంచుకొండకూ, హాబా కొండకూ నడుమ జిన్షా నది కోసుకుపోయిన ఈ లోయలో, పైదారిన రెండు రోజుల నడక ఉంది. మధ్యలో నాషీ తెగవారి ఊళ్లలో బస దొరుకుతుంది. దారిలో అత్యంత ఎత్తైన చోటు 2,700 మీటర్ల లోపే ఉంటుంది కనుక ఊపిరితిత్తులకు, కాళ్లకు, కొత్తగా కొన్న బూట్లకు ఇదొక మంచి పరీక్ష. ఇక్కడే సంచి బరువు ఎక్కువైందని తెలిస్తే అనవసరమైనవి పోస్టులో ముందుకు పంపించేయవచ్చు. నా లెక్కలో నీళ్లతో కలిపి 10 కిలోలు దాటిన సంచి ఎవరికీ అవసరం లేదు.

షాంగ్రి-లా అసలు పేరు జోంగ్‌డియాన్, పర్యాటకుల కోసం 2001లో పేరు మార్చారు. అక్కడి పాత పట్టణంలో అధిక భాగం 2014 జనవరి అగ్నిప్రమాదంలో కాలిపోయింది, ఇప్పుడు మీరు చూసేది తిరిగి కట్టినది. అయినా ఇక్కడ కనీసం రెండు రాత్రులు ఉండండి. వీలైతే దెచెన్ దాకా వెళ్లి ఫెయిలైసీ దగ్గర తెల్లవారుజామున 6,740 మీటర్ల కవగర్బో శిఖరాన్ని చూసి వెనక్కి రండి. టిబెటన్లకు అది ఆరాధ్య దైవం. 1991లో దాన్ని ఎక్కబోయిన చైనా, జపాన్ బృందంలో 17 మంది మంచు చరియ కింద సమాధి అయ్యారు, ఈనాటికీ ఆ శిఖరం మీద మనిషి కాలు పడలేదు.

షాంగ్రి-లా నుంచి షియాంగ్‌చెంగ్ మీదుగా దావ్‌చెంగ్ వెళ్లే దారితో మీరు సిచువాన్‌లోకి, ఖామ్ నడిగడ్డలోకి ప్రవేశిస్తారు. దావ్‌చెంగ్‌కు ఆవల యాదింగ్ అభయారణ్యంలో మూడు మంచుశిఖరాలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడి ఉంటాయి. స్థానికులు వాటిని అవలోకితేశ్వరుడు, మంజుశ్రీ, వజ్రపాణి అనే బోధిసత్వులుగా కొలుస్తారు. ప్రవేశ రుసుము, లోపలి బస్సు ఛార్జీ కలిస్తే జేబుకు భారమే, జనమూ ఎక్కువే, అయినా ఈ మొత్తం ప్రయాణంలో డబ్బు పెట్టి చూడదగిన ప్రకృతి దృశ్యం ఒకటే ఉందంటే అది ఇదే. అక్కడి నుంచి లిటాంగ్. ఏడవ దలైలామా పుట్టిన ఊరు ఇది, మూడవ దలైలామా 1580లో స్థాపించిన మఠం ఊరి ఎత్తున ఉంది. ఈపాటికి మీ శరీరం 4,000 మీటర్లకు సిద్ధపడి ఉంటుంది కాబట్టి పట్టణమంతా హాయిగా నడిచి తిరగగలుగుతారు. ఊరి చివర ఆకాశ ఖననం, అంటే శవాన్ని రాబందులకు అర్పించే అంత్యక్రియ, జరిగే చోటుకు పర్యాటకులను తీసుకుపోతామని ఎవరైనా అంటే మర్యాదగా వద్దనండి. అది ఒక కుటుంబం తమవారిని సాగనంపే కర్మ, ఫొటోలు తీసుకునే వేడుక కాదు.

లిటాంగ్ నుంచి ఉత్తరానికి తిరిగి గాంజీ, అక్కడి నుంచి పడమరగా డెర్గే వెళ్లడం చాలామంది వదిలేసే భాగం, నేను మాత్రం దేనినైనా వదులుకుంటాను గాని దీన్ని వదులుకోను. డెర్గే రాజు తెన్పా త్సేరింగ్ 1729లో ప్రారంభించిన ముద్రణాలయం ఇంకా పనిచేస్తూనే ఉంది. బౌద్ధ త్రిపిటకాలు, వ్యాఖ్యానాలు, వైద్య గ్రంథాలు చెక్కిన చెక్క ఫలకాలు లక్షల సంఖ్యలో అరల్లో నిలబెట్టి ఉంటాయి. పనివారు ఇద్దరిద్దరుగా ఎదురెదురు కూర్చుని, ఒకరు సిరా పూస్తే ఒకరు కాగితం పరిచి రోలరుతో ఒత్తుతూ, ఒక లయలో పేజీ తరువాత పేజీ తీస్తారు. నాగార్జునుడి రచనల్లో కొన్నింటి సంస్కృత మూలాలు నశించి టిబెటన్ అనువాదాలుగానే మిగిలాయి. కృష్ణాతీరం నుంచి వెళ్లినవాడికి ఆ అరల మధ్య నిలబడినప్పుడు కలిగే భావం వేరు. లోపల ఫొటోలకు ఆంక్షలుంటాయి, అడిగి తీయండి. ఒకప్పుడు డెర్గే చేరాలంటే 5,000 మీటర్లకు పైబడిన చోలా కనుమ మీది మంచు దారే దిక్కు. 2017లో సుమారు 7 కిలోమీటర్ల సొరంగం తెరిచాక ఆ భయం పోయింది. డెర్గే నుంచి ఇంకొంచెం పడమరకు పోతే మళ్లీ జిన్షా నది, మళ్లీ స్వయంప్రతిపత్తి ప్రాంతపు గట్టు. మీరు అక్కడ ఆగి వెనుదిరగాలి.

అక్కడి నుంచి మనిగాంగో, 4,200 మీటర్ల ఎత్తున్న షిచూ గడ్డిమైదానాల మీదుగా చింఘై ప్రావిన్సులోని యుషు చేరతారు. 2010 ఏప్రిల్ 14 భూకంపంలో ఆ పట్టణం నేలమట్టమైంది, ఇప్పటి ఊరంతా ఆ తరువాత కట్టినదే. ఊరి బయట మంత్రాలు చెక్కిన మణి రాళ్ల గుట్ట దగ్గర ఉదయం పూట ప్రదక్షిణ చేసే ముసలివారితో పాటు నడవండి, ఎవరూ ఏమీ అనరు. యుషు నుంచి షినింగ్‌కు సుమారు 800 కిలోమీటర్లు, ఒక పూర్తి పగలు పట్టే బస్సు. షినింగ్ 2,260 మీటర్లే కాబట్టి అక్కడికి రాగానే ఆకలి, నిద్ర రెండూ తిరిగి వస్తాయి. రోజులు మిగిలితే థంకాలు, అంటే బట్ట మీద వేసే బౌద్ధ చిత్రాలు, గీసేవారి ఊరు రెబ్‌గోంగ్, 1709లో స్థాపించిన లాబ్రాంగ్ మఠం చూడవచ్చు. మిగలకపోతే బాధపడకండి.

ఈ ప్రాంతాల్లో బస్సులు రోజుకు ఒకటో రెండో, అవీ తెల్లవారకముందే వెళ్లిపోతాయి. టికెట్టుకు పాస్‌పోర్టు చూపాలి. బస్సు లేకపోతే స్టాండు బయట ఏడుగురు ఎక్కే వ్యాన్లు ఉంటాయి, మనుషులు నిండాకే కదులుతాయి, మీరు ముగ్గురు కనుక త్వరగా నిండుతాయి. ధర ఎక్కకముందే కాగితం మీద అంకె వేయించుకోండి. మూసివేసిన చోట్లలో ముఖ్యమైనది సెర్తార్ దగ్గరి లారుంగ్ గార్ అనే పెద్ద బౌద్ధ విద్యాకేంద్రం, 2016 నుంచి అక్కడికి విదేశీయులను అనుమతించడం లేదు. ఎర్రటి గుడిసెల ఫొటోలు చూసి ఆశపడి వెళ్తే దారిలోనే దింపేస్తారు.

షినింగ్ నుంచి లాసాకు రైలులోనే వెళ్లండి. 1,956 కిలోమీటర్లు, సుమారు 21 గంటలు. గోల్ముడ్ నుంచి లాసా వరకు ఉన్న భాగం 2006 జులై 1న ప్రారంభమైంది. అందులో 960 కిలోమీటర్లు 4,000 మీటర్లకు పైన పోతాయి, 5,072 మీటర్ల తంగ్గులా కనుమ దగ్గర ప్రపంచంలోకెల్లా ఎత్తున ఉన్న రైలు మార్గం ఇదే. ఏటా గడ్డకట్టి కరిగే నేల మీద పట్టాలు కుంగకుండా చాలాచోట్ల వంతెనల మీద నడిపారు, కట్ట పక్కన లోపలి వేడిని బయటికి పంపే లోహపు గొట్టాలు పాతారు. కిటికీ నుంచి వరుసగా కనిపించే ఆ కడ్డీలు అవే. రైలు ఎంపికలో ఒక్క మెలకువ ఉంది. షినింగ్‌లో మధ్యాహ్నం ఎక్కితే తంగ్గులా రాత్రిపూట దాటిపోతుంది. రాత్రి బాగా పొద్దుపోయాక బయలుదేరే రైలు ఎక్కితే తెల్లవారుజాముకు గోల్ముడ్ దాటి, కున్‌లున్ పర్వతాలు, టిబెటన్ జింకలు తిరిగే కేకేషీలీ మైదానం, తంగ్గులా అన్నీ పగటి వెలుగులో వస్తాయి. బెర్తుల దగ్గర ఆక్సిజన్ గొట్టం తగిలించుకునే ఏర్పాటు ఉంటుంది. పర్మిట్ చేతిలో లేకపోతే రైలు ఎక్కనివ్వరు. జులై, ఆగస్టు నెలల్లో ఈ టికెట్లు మీ అంతట మీరు సంపాదించడం కష్టం, ఏజెన్సీకి అప్పగించండి.

లాసా 3,650 మీటర్లు. ఖామ్‌లో తిరిగి వచ్చిన మీకు అది సమస్య కాదు. పోతలకు సమయం ముందే ఖరారు చేసిన టికెట్టు, గైడు కావాలి. సెరా మఠంలో మధ్యాహ్నం భిక్షువుల శాస్త్రవాదం, జోఖాంగ్ ఆలయం, డ్రెపుంగ్ మఠం సరిపోతాయి. సాయంత్రం బర్ఖోర్ వీధి ప్రదక్షిణ గైడు లేకుండా చేయవచ్చు. తిరుగు ప్రయాణం నేపాల్ మీదుగా అనుకుంటే, గ్యాంట్సే, షిగాత్సే, కెరుంగ్ దారిన వెళ్లాలి. ఆ సరిహద్దు వంతెన 2025 జులై వరదలో కొట్టుకుపోయింది కనుక బయలుదేరే ముందు దారి పరిస్థితి ఏజెన్సీని అడిగి తెలుసుకోండి. దీన్ని తిరగేసి నేపాల్ నుంచి మొదలుపెట్టవద్దు. కాఠ్మాండులో మీ పాస్‌పోర్టులోని చైనా వీసాను రద్దు చేసి గ్రూప్ వీసా ఇస్తారు, దానితో ఆ తరువాత ఖామ్‌లో స్వేచ్ఛగా తిరిగే ఆశ పోతుంది.

ఎత్తు గురించి వైద్యులు చెప్పే సూత్రం సులువైనది. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఒక రాత్రి అదనంగా ఉండాలి. తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి సూచనలు, అక్కడే ఆగితే చాలావరకు తగ్గిపోతాయి. విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసం, నురగతో దగ్గు, లేదా తాగినవాడిలా తూలుతూ నడవడం కనిపిస్తే అది ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతున్న లక్షణం. అప్పుడు అర్ధరాత్రయినా సరే కిందికి దింపాలి, ఉదయం చూద్దామనడం ప్రాణాంతకం. ఎసిటజోలమైడ్ మాత్రను ముందు జాగ్రత్తగా సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తారు. సల్ఫా మందులు పడనివారు, ఇతర జబ్బులున్నవారు వైద్యుణ్ణి అడగకుండా వాడకూడదు. దుకాణాల్లో అమ్మే ఆక్సిజన్ డబ్బా పది నిమిషాల ఊరట, చికిత్స కాదు. ఇంకొక విషయం ఎవరూ చెప్పరు: మఠాల చుట్టూ, పశువుల గుడారాల దగ్గర కుక్కలు చాలా భయంకరంగా ఉంటాయి. బయలుదేరే ముందు రేబిస్ టీకాలు వేయించుకోండి, గుడారానికి దూరం నుంచే కేక వేసి యజమాని బయటికి వచ్చాక దగ్గరికి వెళ్లండి.

శాకాహారులకు తిండి దొరుకుతుంది, కానీ అడగడం తెలిసి ఉండాలి. మాంసం వద్దంటే ముక్కలు తీసేసి అదే రసం పోస్తారు. అందుకని మాంసం, చేప, ఎముకల రసం, పందికొవ్వు ఏవీ వద్దని విడివిడిగా చైనీస్‌లో, టిబెటన్‌లో రాసిన చీటీ దగ్గర ఉంచుకోండి. చింఘై, గాన్సూల్లో హుయి ముస్లింల నూడుల్స్ హోటళ్లు ప్రతి ఊళ్లో ఉంటాయి. అక్కడ పంది ఉండదు, గొడ్డుమాంసమే ప్రధానం, గుడ్డు తినేవారైతే టమాటా గుడ్డు నూడుల్స్ అడగవచ్చు. సిచువాన్‌లో వంకాయ, బంగాళాదుంప, టోఫు కూరలు అన్నంతో ఎక్కడైనా చేసిస్తారు, కారం విషయంలో గుంటూరువారికి కూడా లోటు చేయరు. టిబెటన్ల నిత్యాహారం త్సంపా, వేయించిన బార్లీ పిండి, మన పేలపిండికి దగ్గరి చుట్టం. ఉప్పు వేసిన వెన్న టీలో కలిపి ముద్ద చేసుకుంటారు. దాని రుచి అందరికీ పట్టదు గాని, అందులో కాస్త కందిపొడి కలిపి చూడండి. ఇంటి నుంచి పొడులు తీసుకెళ్లండి. పాల పదార్థాలు, తాజా పండ్లు మాత్రం చైనా కస్టమ్స్‌లో నిషిద్ధం.

డబ్బు చెల్లింపులన్నీ ఫోనులోనే జరుగుతాయి. ఆలీపే, వీచాట్ పే యాప్‌లలో మీ వీసా లేదా మాస్టర్‌కార్డును భారత్‌లో ఉండగానే జతచేసి పెట్టుకోండి. 200 యువాన్ల లోపు చెల్లింపులకు ఆలీపే అదనపు రుసుము వేయదు, పైబడితే 3 శాతం వేస్తుంది. కనుమల మీద సిగ్నల్ లేనిచోటికి చిన్న నోట్లు కొన్ని ఉంచుకోండి. గూగుల్, వాట్సాప్ అక్కడి నెట్‌వర్క్ మీద పనిచేయవు, మన సిమ్ రోమింగ్‌లో ఉంటే మామూలుగానే పనిచేస్తాయి. పవర్ బ్యాంకు మీద చైనా వారి త్రీ సీ (3C) భద్రతా ముద్ర లేకపోతే 2025 జూన్ 28 నుంచి దేశీయ విమానాల్లో అనుమతించడం లేదు. హోటళ్లు ప్రతి విదేశీయుణ్ణీ పోలీసు రికార్డులో నమోదు చేయాలి, చిన్న ఊళ్లలో ఆ పద్ధతి తెలియని యజమాని మిమ్మల్ని తీసుకోనంటే వాదించవద్దు, పక్క హోటలు చూసుకోండి.

మన తెలుగువారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని మొదట ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో బోధించాడని టిబెటన్ల విశ్వాసం. మీరు ఆ ప్రాంతం వారని తెలిస్తే ఏ వృద్ధ భిక్షువైనా సంతోషిస్తాడు. అంతవరకు ఫరవాలేదు. కానీ 2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర దీక్షోత్సవం నిర్వహించినది దలైలామా. ఆయన బొమ్మ ఉంచుకోవడం అక్కడ నేరంతో సమానం, కనుక అలాంటి ఫొటోలు, ఆయన నివసించే హిమాచల్ ధర్మశాల ఫొటోలు ఫోనులో ఉంటే తీసేసి వెళ్లండి. సరిహద్దులు మనవైపు లెక్క ప్రకారం చూపించే అచ్చు పటాలు కూడా వద్దు. లాసాలో గైడును రాజకీయాల గురించి కదిలించకండి. ప్రశ్న అడిగిన మీరు వారంలో వెళ్లిపోతారు, జవాబుదారీ మాత్రం అతనిదే.

కాలం విషయంలో మే, జూన్ లేదా సెప్టెంబరు ఎంచుకోండి. జులై, ఆగస్టుల్లో ఖామ్ దారులు వానలకు కొండచరియలు విరిగి రోజుల తరబడి మూతపడతాయి. అక్టోబరు మొదటి వారం చైనా జాతీయ సెలవులు, ఆ ఏడు రోజులూ ఎక్కడా గది దొరకదు. నెల రోజుల్లో పైన చెప్పినవన్నీ పట్టవు. దెచెన్, లాబ్రాంగ్ వదిలేస్తే కున్మింగ్ నుంచి షినింగ్ దాకా మూడు వారాలు, రైలుకు, లాసాకు కలిపి అయిదారు రోజులు సరిపోతాయి. ముందుగా వీసా తీసుకోండి, అందులో ఎన్ని రోజుల బస రాశారో చూసుకుని ప్రణాళిక దానికి లోబడి వేయండి, పొడిగింపు దొరుకుతుందన్న ధీమాతో వెళ్లవద్దు. వీసా చేతికి వచ్చిన రోజే లాసాలోని రెండు మూడు ఏజెన్సీలకు రాసి, భారతీయ పాస్‌పోర్టుతో పర్మిట్ చేయించిన అనుభవం ఉందా, పర్మిట్ రాకపోతే కట్టిన సొమ్ములో ఎంత వెనక్కి ఇస్తారు అని లిఖితపూర్వకంగా అడగండి. పర్మిట్‌కు కనీసం మూడు వారాల గడువు ఇవ్వండి. మీరు ఖామ్‌లో తిరుగుతుండగా ఆ పని సాగుతుంది, షినింగ్ హోటలుకు పత్రం పంపమని చెప్పవచ్చు. ఒకవేళ రాకపోయినా, రెబ్‌గోంగ్, లాబ్రాంగ్ అక్కడికి కొన్ని గంటల దూరంలోనే ఉన్నాయి, ఆ అయిదు రోజులు వాటికి వాడుకోండి.